టాటా 697 ఇంజనుకి ఏ హెడ్ గ్యాస్కెట్ వేయాలి?

హెడ్ గ్యాస్కెట్ అంటే ఇంజను బ్లాకుకీ దానిమీద కూర్చునే హెడ్డుకీ మధ్య గ్యాసు, నీళ్ళు, ఆయిలు కారకుండా వేసే పొర. తీర్పు ముందే చెప్పేస్తాం. టర్బో లేని పాత 697కి లోపల స్టీలు రేకు ఉన్న గ్రాఫైట్ గ్యాస్కెట్ వేయండి. రాగి-ఆస్బెస్టాస్ రకం పాత స్టాకులో ఇంకా కనపడుతుంది, పని కూడా చేస్తుంది, కానీ ఇవాళ కొత్తగా కొనడానికి కారణం లేదు. స్టీలు పొరలు పేర్చిన ఎంఎల్ఎస్ రకం మంచి సరుకే, ఈ ఇంజను దాని ఈడుది కాదు. కంపెనీ పేరు లేని చవక ప్యాకెట్టు ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు. ఇంకో మాట కూడా ఇక్కడే: ఈ ఇంజన్లో గ్యాస్కెట్ తనంతట తాను పోవడం అరుదు. హీటు, వంగిన హెడ్డు, సాగిన బోల్టు, ఈ మూడింట్లో ఒకటి దాన్ని చంపుతుంది. ఆ మూడూ చూడకుండా ఎంత ఖరీదైనది వేసినా బండి మళ్ళీ అదే షెడ్డు ముందు ఆగుతుంది.

పేరులోనే ఇంజను లెక్క ఉంది: 6 సిలిండర్లు, 97 మిల్లీమీటర్ల బోరు (సిలిండరు లోపలి వ్యాసం). స్ట్రోకు (పిస్టను కదిలే దూరం) 128. మొత్తం 5675 సీసీ. ఇవే కొలతలు మెర్సిడెస్ ఓఎం 352 ఇంజనువి కూడా. 1954లో టెల్కో (ఇప్పటి టాటా మోటార్స్) డైమ్లర్ బెంజ్‌తో చేతులు కలిపినప్పటి వంశం ఇది. పాత లారీల్లో, బస్సుల్లో పనిచేసి, ఇప్పుడు నీళ్ళ ట్యాంకర్ల మీదా టిప్పర్ల మీదా మిగిలింది. ఆరు సిలిండర్లకూ కలిపి ఒకే పొడవాటి పోత ఇనుప హెడ్డు. గ్యాస్కెట్ కథంతా ఈ ఒక్క విషయం దగ్గర మొదలవుతుంది. ముప్పావు మీటరు పొడవున్న పోత ఇనుము 50 డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే 0.4 మిల్లీమీటర్ల దాకా సాగాలని చూస్తుంది. బోల్టులు కదలనివ్వవు. దాంతో మధ్యలో ఉబ్బుతుంది, చల్లారాక ఆ వంపులో కొంత అలాగే ఉండిపోతుంది.

దానిమీద పడే బలం ఎంతో కూడా చూడండి. 97 బోరు వైశాల్యం 74 చదరపు సెంటీమీటర్లు. మండినప్పుడు లోపల 80 బార్ ప్రెషర్ అనుకుంటే, ఒక్కో సిలిండరు హెడ్డుని 6 టన్నుల బరువుతో పైకి తంతుంది. ఇంజను 2000 ఆర్‌పీఎం తిరుగుతుంటే ఒక్కో సిలిండర్లో నిమిషానికి 1000 తన్నులు. బోల్టులు పట్టి ఉంచే బలం ఈ తన్ను కంటే ఎప్పుడూ ఎక్కువ ఉండాలి. అది తగ్గిన చోట గ్యాస్కెట్ కిందా మీదా కొద్దికొద్దిగా కదులుతూ అరుగుతుంది. చివరికి గ్యాస్ దారి చేసుకుంటుంది. రెండు సిలిండర్ల మధ్యనున్న సన్నటి పట్టీ ముందు కాలేది అందుకే.

ఇక సరుకు సంగతి.

రాగి-ఆస్బెస్టాస్: పైనా కిందా పలచటి రాగి రేకు, మధ్యలో ఆస్బెస్టాస్ అట్ట. మెత్తగా ఉంటుంది కాబట్టి హెడ్డు మీద చిన్న చిన్న గీతలున్నా సర్దుకుంటుంది. పాత మేస్త్రీలు దీన్ని ఇష్టపడేది ఈ సర్దుబాటు గుణం చూసే. కానీ బిగించాక నాలుగైదు వేడి-చల్లార్పుల్లో అణిగిపోతుంది, బోల్టులు వదులవుతాయి, మళ్ళీ బిగించకపోతే నెలల్లోనే పోతుంది. ఏళ్ళ తరబడి కొట్లో పడున్నది ఎండి బిరుసెక్కి మూలలు విరుగుతుంది. అన్నిటికన్నా పెద్ద అభ్యంతరం ఆస్బెస్టాస్ దుమ్ము. ఊపిరితిత్తులకి చేసే హాని తెలిసిందే. పాత గ్యాస్కెట్ గీకేటప్పుడు గ్రైండరుకి తగిలించే వైరు బ్రష్షు వాడకండి; నీళ్ళతో బాగా తడిపి, రేకుతో గీకి, ఆ ముక్కల్ని తడిగానే సంచిలో కట్టి పారేయండి. కంప్రెసర్ గాలితో ఊదడం మరీ తప్పు. ఐదుకి రెండు మార్కులు.

గ్రాఫైట్: చిల్లులు పొడిచిన స్టీలు రేకు మధ్యలో, దానికి రెండు వైపులా గ్రాఫైట్, సిలిండరు రంధ్రాల చుట్టూ స్టెయిన్‌లెస్ ఫైర్ రింగు, నీళ్ళ, ఆయిలు రంధ్రాల చుట్టూ సిలికాన్ గీత. వేడికి బిరుసెక్కదు, అణగడం తక్కువ, చేత్తో ఫేసింగ్ (ముఖం చదును) చేసిన పాత హెడ్డు గరుకునీ భరిస్తుంది. సుగుణాలన్నీ అక్కడితో సరి. సున్నితం మాత్రం విపరీతం. వంచితే పొర లేస్తుంది, గోరు తగిలినా గీత పడుతుంది. గ్రీజు, షెల్లాక్, గమ్ము ఏదీ రాయకూడదు. నూనె తగిలిన చోట పొర మెత్తబడి జారుతుంది. వేసి తీసింది మళ్ళీ వేయడానికి వీల్లేదు. లారీ క్యాబిన్లో సీటు వెనక మడిచి పెట్టి తెచ్చిన గ్యాస్కెట్టయితే కొట్టువాడికే తిరిగిచ్చేయండి. ఐదుకి నాలుగున్నర. ఆ అర మార్కు తగ్గించింది మన షెడ్లలో దాన్ని చూసుకునే తీరుకే.

ఎంఎల్ఎస్: స్ప్రింగులా ఉబ్బెత్తు చేసిన స్టీలు పొరలు. కొత్త తరం ఇంజన్లకి దీనికి మించింది లేదు. కాకపోతే కింద బ్లాకూ పైన హెడ్డూ అద్దంలా ఉండాలి. గరుకుతనం ఆర్ఏ కొలతలో 0.8 మైక్రాన్ల లోపు ఉండాలని దీన్ని చేసేవాళ్ళు అడుగుతారు. గ్రాఫైట్ రకానికి 1.5 నుంచి 2.5 దాకా ఉన్నా చాలు. ఊళ్ళో పాత గ్రైండింగ్ మిషను 0.8 ఇవ్వలేదు. ఇచ్చినా, ఇంజను దించకుండా బ్లాకు ముఖానికి ఆ నునుపు తేవడం కుదరదు. హెడ్డూ బ్లాకూ రెండూ మంచి సీఎన్‌సీ మిషనుకి పంపే పూర్తి బోరు పనిలో తప్ప దీని జోలికి వెళ్ళొద్దు.

విజయవాడ ఆటోనగర్ లాంటి చోట టాల్‌బ్రోస్, విక్టర్ లాంటి తెలిసిన పేర్లతో పాటు, అట్ట పెట్టె మీద ఇంజను నెంబరు తప్ప ఇంకేమీ లేని ప్యాకెట్లు కూడా కౌంటరు మీదికొస్తాయి. కొనేటప్పుడు పాత గ్యాస్కెట్ చేత్తో పట్టుకెళ్ళండి. కొత్తదాన్ని దానిమీద పరిచి ఆకాశం వైపు ఎత్తి పట్టి ప్రతి రంధ్రంలోంచి చూడండి. చవక సరుకులో నీళ్ళ రంధ్రం ఒకటి రెండు మిల్లీమీటర్లు పక్కకి జరిగి ఉంటుంది, లేదా వెనక సిలిండర్లకి వెళ్ళే రంధ్రం చిన్నదిగా కొట్టి ఉంటుంది. వాటర్ పంపుకి దూరంగా ఉండే 5, 6 సిలిండర్లకి వెళ్ళే నీళ్ళు అలా తగ్గితే, బాగు చేయడానికి కొన్న గ్యాస్కెట్టే హీటుకి కారణమవుతుంది.

ఫైర్ రింగు కొలత అంతకంటే ముఖ్యం. స్టాండర్డ్ బోరు 97. ఓవర్‌సైజ్ కొట్టించిన ఇంజన్లో 97.5 ఉండొచ్చు, 98 కూడా ఉండొచ్చు. రింగు లోపలి వ్యాసం మీ బోరు కంటే కనీసం ఒక మిల్లీమీటరు ఎక్కువుండాలి. రింగు అంచు బోరులోకి తొంగి చూస్తే మంటకి ఎర్రగా కాలి, ముక్కలుగా రాలి, పిస్టను నెత్తిమీద పడుతుంది. వెర్నియర్‌తో అక్కడే కొలవండి. కొట్టువాడు విసుక్కున్నా ఫరవాలేదు. 692, 697 పేర్లు దగ్గరగా ఉంటాయి, టర్బో ఉన్న 697కి వేరే గ్యాస్కెట్ రావచ్చు, కాబట్టి బండి మోడల్ చెప్పి అడగొద్దు, ఇంజను ప్లేటు మీద సీరీస్ చూసి అడగండి.

ఇప్పుడు అసలు దోషుల దగ్గరికి. ముందు హీటు. దానికి మొదటి కారణం నీళ్ళు. నల్లగొండ, ప్రకాశం వైపు బోరుబావి నీళ్ళు ఎంత కఠినమో చెప్పనక్కర్లేదు. ఆ నీళ్ళే రోజూ రేడియేటర్లో పోస్తే హెడ్డు లోపలి గదుల గోడలకి సున్నం పేరుకుంటుంది. టెంపరేచర్ ముల్లు మామూలుగానే ఉంటుంది, ఎందుకంటే అది చూపేది నీళ్ళ వేడి. వాల్వు సీట్ల మధ్య ఇనుము మాత్రం కాలిపోతుంటుంది. సున్నం వేడిని ఇనుము నుంచి నీళ్ళలోకి పోనివ్వదు. ఆర్‌ఓ నీళ్ళో, పట్టి ఉంచిన వాన నీళ్ళో తీసుకుని, ఐఎస్ 5759 ముద్ర ఉన్న కూలెంట్‌ని డబ్బా మీద రాసిన పాళ్ళలో కలపండి. దారిలో ఒక లీటరు మామూలు నీళ్ళు కలిపితే కొంప మునగదు, వారానికి పది లీటర్లు కలుపుతున్నారంటే లీకు ఎక్కడుందో వెతకాలి.

రెండోది రేడియేటర్ మూత. మూత రబ్బరు ఊడిపోయిందనో, పైపులు పగులుతున్నాయనో స్ప్రింగు తీసేసి ఉత్త మూత పెట్టి నడిపే బండ్లు చాలా ఉన్నాయి. అర బార్ ప్రెషర్ ఆపే మంచి మూత ఉంటే నీళ్ళు 111 డిగ్రీల దాకా మరగవు. మూత పట్టకపోతే 100 దగ్గరే ఆవిరి బుడగలు లేస్తాయి. బుడగ ఉన్న చోట ఇనుముకి నీళ్ళు తగలవు. శ్రీశైలం ఘాటు ఎక్కే లోడు బండికి ఈ 11 డిగ్రీల తేడానే గ్యాస్కెట్ ప్రాణం.

థర్మోస్టాట్ (నీళ్ళ వేడిని బట్టి తెరుచుకునే వాల్వు) తీసి పారేయడం మన షెడ్లలో పాత అలవాటు. 'వాల్వు తీసేస్తే నీళ్ళు ఫ్రీగా తిరుగుతాయి, హీటు రాదు' అంటారు. సగం నిజం కూడా కాదది. వేడెక్కాక బైపాస్ దారిని మూసేది కూడా ఆ థర్మోస్టాటే. అది లేకపోతే కొంత నీరు రేడియేటర్‌కి వెళ్ళకుండానే వెనక్కి తిరిగొచ్చేస్తుంది. పొద్దున పూట ఇంజను చల్లగా నడిచి బోరు అరుగుతుంది, మధ్యాహ్నం ఘాటు మీద హీటెక్కుతుంది. గిన్నెలో నీళ్ళు కాచి, థర్మోస్టాట్ దారానికి కట్టి వేలాడదీసి చూడండి: 80 దాటే వేళకి తెరుచుకోవడం మొదలవ్వాలి, మరిగే లోపు పూర్తిగా తెరుచుకోవాలి. అలా కాకపోతే కొత్తది వేయండి. లేకుండా మాత్రం నడపొద్దు.

రేడియేటర్ ట్యూబులు మూసుకుపోతే రాడింగ్ (ట్యూబుల్లో కమ్మీ దూర్చి శుభ్రం) చేయించాలి. బయట ఫిన్నుల్లో గడ్డి, పత్తి దూది, సిమెంటు దుమ్ము పేరుకుంటే ఫ్యాను వైపు నుంచి బయటికి కొట్టండి, ముందు నుంచి కొడితే ఇంకా లోపలికి దిగుతుంది. ఫ్యాను చుట్టూ ఉండే ష్రౌడ్ అనే తొడుగు ఎప్పుడో ఊడి ఇనుప సామాను కొట్టుకి పోయి ఉంటుంది. దాన్ని రేకుతోనైనా చేయించి బిగించండి. అది లేని ఫ్యాను పక్క గాలినే మళ్ళీ మళ్ళీ తిప్పుతుంది.

డీజిలు పంపు పెంచడం ఇంకో మహమ్మారి. మైకో (ఇప్పటి బాష్) పంపు సీలు తెంచి డీజిలు ఎక్కువ ఇస్తే పికప్ వస్తుంది, నల్లపొగా వస్తుంది, సిలిండరు వేడీ పెరుగుతుంది. టైమింగ్ (డీజిలు చిమ్మే వేళ) ముందుకి జరిపితే మంట ముందే మొదలై పేలుడు ప్రెషర్ పెరిగి ఆ 6 టన్నుల తన్ను 7, 8 అవుతుంది. గ్యాస్కెట్ రెండుసార్లు ఒకే సిలిండరు దగ్గర పోయిందంటే ఆ సిలిండరు ఇంజెక్టరు కారుతోందేమో టెస్టు చేయించి, పంపు క్యాలిబ్రేషన్‌కి పంపండి. బెంచి మీద పెట్టకుండా చెవితో విని సెట్ చేసే మేస్త్రీ ఎంత పేరున్నవాడైనా ఈ పనికి వద్దు.

డ్రైవరు చేతిలో ఉన్నవి రెండే. హీటెక్కిన ఇంజన్లో చల్లని నీళ్ళు గబుక్కున పోయకూడదు, వాల్వు సీట్ల మధ్య హెడ్డు చిట్లుతుంది. ఘాటు ఎక్కి ఆగగానే తాళం తీసేయకూడదు, మూడు నాలుగు నిమిషాలు ఐడిలింగ్‌లో ఉంచి అప్పుడు ఆపాలి.

హెడ్డు దించే ముందు నిజంగా గ్యాస్కెట్టే పోయిందా అని తేల్చుకోండి. చల్లని ఇంజన్లో మూత తీసి, ఫ్యాను బెల్టు విప్పి, నీళ్ళు నిండుగా పోసి స్టార్టు చేయండి. వాటర్ పంపు తిరగదు కాబట్టి నీళ్ళు కదలకుండా ఉంటాయి. నిమిషం లోపు బుడగలు వరసగా వస్తే సిలిండరు గ్యాసు నీళ్ళలోకి వస్తోంది. రెండు నిమిషాలు దాటి నడపొద్దు. అయితే తొందరపడొద్దు: ఎయిర్ బ్రేకు కంప్రెసర్ హెడ్డుకి కూడా ఇంజను నీళ్ళు తిరిగే బండ్లలో, కంప్రెసర్ గ్యాస్కెట్ పోయినా ఇవే బుడగలు వస్తాయి. కంప్రెసర్ నీళ్ళ పైపులు రెండూ విప్పి, ఒకదానికొకటి కలిపి మళ్ళీ చూడండి. బుడగలు ఆగిపోయాయా, మీకు హెడ్డు పని ఖర్చు మిగిలినట్టే. ఈ పరీక్ష చేయకుండా హెడ్డు దించిన షెడ్డుకి మేం సున్నా మార్కులు వేస్తాం.

పాల టీ రంగులో ఆయిలు కనిపిస్తే గ్యాస్కెట్టే అనుకోవద్దు, ఆయిల్ కూలర్ లీకైనా అలాగే ఉంటుంది. పక్కపక్క సిలిండర్లు రెంటిలో కంప్రెషన్ కలిసి పడిపోతే మధ్య పట్టీ కాలినట్టు. బయటికి బుస్‌మని నల్ల మసి చార కనబడితే అంచు పోయినట్టు. పాత గ్యాస్కెట్ దించాక పారేయకండి. నల్లబడ్డ దారి ఎక్కడుందో అది చూపిస్తుంది, హెడ్డు మీద అదే చోట సుద్దతో గుర్తు పెట్టి లేత్ షాపుకి పంపండి.

లేత్ షాపులో ఫేసింగ్ కంటే ముందు ప్రెషర్ టెస్టు అడగండి. నీళ్ళ దారులు మూసి, వేడి నీళ్ళలో ముంచి, 3 నుంచి 4 బార్ గాలి పెట్టి చూస్తే వాల్వుల మధ్య చీలిక బయటపడుతుంది. చీలిన హెడ్డుకి ఫేసింగ్ చేయించడం దండగ. తర్వాత స్టీలు స్కేలు నిలువుగా, అడ్డంగా, రెండు మూలల కర్ణాల మీదా పెట్టి ఫీలర్ గేజితో (సందు కొలిచే రేకులతో) చూడండి: పొడవునా 0.10, అడ్డంగా 0.05 మిల్లీమీటర్లు దాటితే ఫేసింగ్ తప్పదు. బ్లాకు మీద కూడా ఇదే చూడాలి, చాలామంది మర్చిపోయేది ఇక్కడే. స్లీవు (సిలిండరు లోపలి గొట్టం) వేసిన బ్లాకైతే స్లీవు అంచు బ్లాకు మట్టం కంటే కిందికి దిగి ఉందేమో వేలితో తడిమి, స్కేలుతో కొలవండి. దిగితే ఫైర్ రింగుకి కింద ఆసరా ఉండదు, హెడ్డు ఎంత నున్నగా ఉన్నా లాభం లేదు. హెడ్డులోంచి ఎంత తీశారో కాగితం మీద రాయించుకోండి. తీసిన కొద్దీ వాల్వులు పిస్టనుకి దగ్గరవుతాయి, ఇంజెక్టరు కొన కిందికొస్తుంది. సీట్లు కటింగ్ చేయించి వాల్వు లోతు మళ్ళీ కొలవాలి.

బోల్టుల్ని గట్టి అట్ట మీద వరస ప్రకారం గుచ్చి పెట్టండి, పొడవులు తేడా ఉంటాయి. కొత్త బోల్టు పక్కన పెట్టినప్పుడు పొడవు పెరిగినదీ, మెడ దగ్గర సన్నబడినదీ, తుప్పుకి మర తినేసినదీ మార్చండి. బ్లాకులో బోల్టు గుంతలు గాలితో ఊది, పాత బోల్టుతో మర శుభ్రం చేయండి. అడుగున నీళ్ళో నూనో నిలిచి ఉంటే బోల్టు బిగించినప్పుడు ద్రవం నలగడానికి చోటు లేక బ్లాకు పగులుతుంది. మరకీ, బోల్టు తల కిందా పలచగా ఇంజను ఆయిలు పూయండి. మీరు రెంచితో పెట్టే టార్కులో (తిప్పే బలంలో) పదో వంతు మాత్రమే హెడ్డుని నొక్కే బలమవుతుంది, మిగతాదంతా తల కిందా మరలోనూ రాపిడికే పోతుంది. అందుకే ఎండిన తుప్పు బోల్టు టార్క్ రెంచిలో టక్కుమన్నా హెడ్డు వదులుగానే ఉంటుంది.

రెండు పాత బోల్టుల తలలు కోసి బ్లాకు రెండు చివర్లా గైడ్లుగా బిగిస్తే హెడ్డు గ్యాస్కెట్ని గీకకుండా సూటిగా దిగుతుంది. చైన్ బ్లాకుతో దించండి; ఇద్దరు మోసి పడేస్తే గ్రాఫైట్ పొర లేస్తుంది. రెండు ముఖాలూ థిన్నర్‌తో తుడిచి పొడిగా ఉంచాలి. బిగింపు మధ్య నుంచి రెండు చివరలకీ, ఆఖరి టార్కులో సగం, ముప్పావు, పూర్తి, ఇలా మూడు దఫాలు. అంకె మీ ఇంజను సీరీస్ మాన్యువల్లోది తీసుకోండి, టర్బో ఇంజను అంకె దీనికి వాడొద్దు. ఇంజెక్టరు కింద రాగి వాషర్లు కొత్తవే వేయండి.

ట్యాపెట్లు (వాల్వుల దగ్గరి సందులు) చల్లగా ఉన్నప్పుడు ఇన్‌లెట్ 0.20, ఎగ్జాస్ట్ 0.30 మిల్లీమీటర్లు పెట్టి స్టార్టు చేయండి. పూర్తిగా వేడెక్కి చల్లారాక మొదటిసారి, 500 నుంచి 1000 కిలోమీటర్ల మధ్య రెండోసారి రీటార్క్ (బోల్టులు మళ్ళీ టార్కుకి బిగించడం) చేయాలి. గ్రాఫైట్‌కి రీటార్క్ వద్దని ప్యాకెట్టు మీద రాసి ఉంటే మాత్రం ప్యాకెట్టు మాటే వినండి. ఒక్కో బోల్టునే పావు చుట్టు వదిలి, ఆఖరి టార్కుకి బిగించి, తర్వాతే పక్కదానికి వెళ్ళాలి. అన్నీ ఒకేసారి వదిలితే గ్యాస్కెట్ పోయినట్టే. హెడ్డు కొద్దిగా కిందికి దిగి ఉంటుంది కాబట్టి రీటార్క్ చేసిన ప్రతిసారీ ట్యాపెట్లు మళ్ళీ చూడాలి.